నూట ఇరవయ్యో మూలకం

మొదటి సంకేతం వచ్చినప్పుడు పైడిరాజు ఉప్మా తింటున్నాడు. కంట్రోల్ రూములో తిండి నిషేధమని గోడకు బోర్డుంది. ఆ బోర్డు కిందే కూర్చుని తింటున్నాడు. ఎదురుగా తెర మీద ఒక గీత నిట్టనిలువునా లేచేసరికి ప్లేటు పక్కన పెట్టి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మేడమ్, ఇదేటో ఓసారి చూడండి!"

చూశాను. ఒకే ఒక్క ఆల్ఫా కణం. దాని శక్తి మేం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న చోటే ఉంది. నేను రసాయనం మనిషిని, ఒక్క గీతకు పొంగిపోయే అలవాటు లేదు. పైడిరాజు యంత్రం నడిపే ఇంజనీరు, అతనికి గీత లేస్తే పండగే. అతను ఫోన్ చేసిన కాసేపటికే మా డైరెక్టర్ జగన్నాథం గారు చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగొచ్చి, తెర ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడం ఎందుకు, ఆ రోజు నేనూ సంతోషించాను.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కబోయే ముందు, ఎడమ వైపు కొండను తొలిచి కట్టిన కేంద్రం మాది. గంధగిరి కేంద్రం అంటారు. అక్కడ మా పని, ప్రకృతి చెయ్యకుండా వదిలేసిన మూలకాలను చెయ్యడం. యురేనియం, అంటే తొంభై రెండో మూలకం దగ్గరకొచ్చేసరికి ప్రకృతి దాదాపు చేతులు దులిపేసుకుంది. ఆ పైన కావాలంటే మనుషులు వండుకోవలసిందే. పద్ధతి వినడానికి చాలా తేలిక. చిన్న కేంద్రకాన్ని పెద్ద కేంద్రకం మీదికి విసిరి, రెండూ అతుక్కుంటాయేమో చూడాలి. క్రోమియంలో ఇరవై నాలుగు ప్రోటాన్లు, క్యూరియంలో తొంభై ఆరు. అతుక్కుంటే నూట ఇరవై. కానీ గట్టిగా విసిరితే పగిలిపోతాయి, మెల్లగా విసిరితే మొహం తిప్పుకుని పోతాయి.

జగన్నాథం గారి గొప్పతనమంతా ఇక్కడే ఉంది. మూడు క్రోమియం కేంద్రకాల ధారలను అయస్కాంతాలతో మూడు పాయల జడలా అల్లి వదిలితే, కేంద్రకాలు ఢీకొట్టుకోవడానికి బదులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయని ఆయన కనిపెట్టారు. ఆ ఒరుసుకునే లిప్తలో అతుక్కునే అవకాశం వందల రెట్లు పెరుగుతుంది. ఢిల్లీ వాళ్ళు ఆ యంత్రానికి పొడుగాటి పేరొకటి పెట్టారు గానీ మాకెవరికీ నోరు తిరగదు. మేం జడ అంటాం.

వారంలో ఒక రోజు జడ నాది. ఆ రోజు పైడిరాజు దాన్ని విప్పి, మామూలు ప్రోటాన్ ధారను నా గదిలోకి మళ్ళిస్తాడు. అది రేడియం మీద పడితే కొద్దిగా ఆక్టీనియం పుడుతుంది. దాన్ని విడదీసి, వాహక మందుకు తగిలించి విశాఖపట్నం ఆసుపత్రికి పంపుతాను. నరంలోకి ఎక్కిస్తే అది కణితిని వెతుక్కుంటూ పోయి అక్కడే కూర్చుని ఆల్ఫా కణాలతో లోపల్నుంచి కాలుస్తుంది. పది రోజులు తిరిగేసరికి సగం హరించుకుపోయే సరుకు, నిల్వ పెట్టుకోవడానికి వీల్లేదు. ఆ మందు అందుతున్న కొద్దిమందిలో నా చెల్లెలు నీలవేణి ఒకతె. నాలుగు విడతలు ఎక్కించాలి. అప్పటికి రెండు పూర్తయ్యాయి.

నీలవేణి బొబ్బిలిలో పీఈటీ టీచరు. ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. పొట్టలో మొదలైన జబ్బు కాలేయానికి పాకి, మంచం పట్టిన మనిషి రెండో విడత తర్వాత లేచి మళ్ళీ మెడలో విజిలు వేసుకుంది.

"ఆసుపత్రి గదిలో మూడ్రోజులూ నాతో మాటాడినోళ్ళే లేరప్పా," అంది ఇంటికొచ్చాక. మా ఇళ్ళలో అక్కను అప్ప అంటాం. "ఆకరికి బల్లి కూడా రాలేదు. నాలో రేడియేషనుందని దానికీ తెలిసిపోనాది కాబోలు."

"బల్లులకు నీ నోరంటే భయం, రేడియేషనంటే కాదు."

పగలబడి నవ్వింది. మళ్ళీ ఆ నవ్వు వింటాననుకోలేదు నేను. నా చేతుల్తో చేసిన మందు నా చెల్లెల్ని నవ్వించిందని నాకు గర్వంగా ఉండేది, ఇప్పుడూ ఉంది.

ఆ తర్వాతి వారాల్లో మరికొన్ని సంకేతాలు వచ్చాయి. జగన్నాథం గారు ఢిల్లీకి కబురు పెట్టారు. మూలకానికి ఆంధ్రియం అని పేరు కూడా అనుకున్నారు. ఢిల్లీ నుంచి కమిటీ వస్తుందనీ, ఒప్పుకుంటే జడకు ఇంకో పదేళ్ళు ఢోకా ఉండదనీ, లేకపోతే కేంద్రానికి తాళం పడుతుందనీ అందరికీ తెలుసు. క్యాంటీన్లో అప్పుడే మిఠాయిల ఆర్డరు గురించి మాట్లాడుకుంటున్నారు.

నాకు మాత్రం ఒకటి నచ్చలేదు. నిజంగా నూట ఇరవయ్యో మూలకమే అయితే, మొదటి గీత వెనకాల, అది విరుగుతూ పోతే పుట్టే చిన్న మూలకాల గీతలు, అంటే దాని పిల్లల గీతలు వరసగా రావాలి. కొన్నిసార్లు వచ్చాయి, కొన్నిసార్లు రాలేదు. రానప్పుడల్లా పరికరం పట్టుకోలేకపోయిందని సరిపెట్టుకున్నారు. నాకు సరిపెట్టుకోవడం చేతకాదు, ఈ విషయం మా ఆయన కూడా పెళ్ళైన వారానికే గ్రహించాడు. ధార తగిలే క్యూరియం రేకుల్లో వాడేసిన ఒకదాని మూల చిన్న ముక్క కత్తిరించి ఆమ్లంలో కరిగించి చూశాను. అందులో సీసం ఉంది.

రేడియేషన్ బయటికి రాకుండా చుట్టూ పేర్చిన ఇటుకల్లో తప్ప, ఆ యంత్రంలో సీసమన్నదే వాడం. ఎక్కణ్ణుంచి వచ్చింది? అతుకులు చూశాను, తీగలు చూశాను, పంపులు విప్పించాను. పైడిరాజు విసుక్కుంటూనే అన్నీ విప్పాడు. చివరికి జవాబు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో దొరికింది. దసరా ఆయుధపూజ ఫొటోలవి. ఆ రోజు నేను నీలవేణితో ఆసుపత్రిలో ఉన్నాను కాబట్టి ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఫొటోలో క్యూరియం రేకులు బిగించే చక్రం బల్ల మీద ఉంది. శుభ్రం చెయ్యడానికి బయటికి తీశారన్నమాట. చక్రం నడిబొడ్డున రూపాయి బిళ్ళంత నారింజరంగు బొట్టు. పక్కన వేలికి ఆంజనేయస్వామి సింధూరంతో జగన్నాథం గారు నవ్వుతున్నారు.

ప్రతి ఏడూ యంత్రానికి బొట్టు పెడతాం. ఎప్పుడూ బయటి తొడుగు మీదే పెడతాం. ఆ ఏడాది చక్రం కళ్ళెదుట ఉండేసరికి ఆయన మనసు ఆగలేదు, కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. కిందికెళ్ళి చక్రం తీయించి చూస్తే బొట్టు లేదు. బజారులో అమ్మే సింధూరం చాలావరకు సీసం భస్మమే. ధార వేడికి అది ఆవిరై రేకుల మీద పొరలా పేరుకుపోయింది.

ఆ మధ్యాహ్నమే జగన్నాథం గారి గదికి వెళ్ళాను.

"సార్, మీరు కోప్పడినా సరే, ఇది చెప్పక తప్పదు. ఆ గీతలు నూట ఇరవై కాదేమో. సీసంలో ఎనభై రెండు ప్రోటాన్లుంటాయి. క్రోమియం ఒరుసుకుపోయేటప్పుడు రెండు లాక్కుంటే పొలోనియం అవుతుంది. అందులో ఒక రకం ఆల్ఫాను విపరీతమైన శక్తితో విసురుతుంది. మనం చూస్తున్న శక్తి కూడా అంతే."

ఆయన ఫొటో చూశారు. ఫోన్ నా చేతికి తిరిగిచ్చేశారు.

"రుజువేంటి?" అన్నారు.

"క్యూరియం తీసేద్దాం. ఉత్త సీసం రేకు పెట్టి జడ వేద్దాం. క్యూరియం లేకుండా నూట ఇరవై పుట్టదు కదా. అప్పుడు కూడా అదే గీత వస్తే మన మూలకం లేనట్టే."

మర్నాడు పొద్దున్నే వేశాం. మేం ముగ్గురమే ఉన్నాం. జడ తిరగడం మొదలైన కాసేపటికే గీత లేచింది. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి, అరగంటలో తెర నిండిపోయింది. పైడిరాజు ఎవరూ చెప్పకుండానే ధార ఆపేశాడు. జగన్నాథం గారు కుర్చీలో కూలబడ్డారు.

"ఈ సంగతి మన ముగ్గురికే తెలుసు, వరహాలూ," అన్నారు మెల్లగా. "సోమవారం కమిటీ వస్తోంది. మూలకం ఉందంటే జడ ఉంటుంది. లేదంటే ఆ రోజే తాళం. జడ ఆగితే నీ గదికి ధార ఉండదు, నీ చెల్లెలికి మందు ఉండదు. నువ్వు నోరు మెదపకపోతే నేనూ మెదపను."

"నా మీదికి తోసేస్తున్నారేంటి సార్?"

"నాకు ధైర్యం చాలట్లేదమ్మా. నా బతుకంతా దీంట్లో పోశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే జాలేసింది. ఆ రెండూ మోసుకుంటూ ఆదివారం బొబ్బిలి వెళ్ళాను.

నీలవేణి బడి మైదానంలో కుర్చీ వేసుకుని పిల్లల్ని ఆడిస్తోంది. విజిలు ఊది, కేక వేసి, నా వైపు తిరిగింది. దాని పక్కన గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. నిజమే చెప్పప్పా అంటుందని, ఆ మాట పట్టుకుని కమిటీ ముందుకు ధైర్యంగా పోవచ్చని లోపల్లోపల ఆశ పెట్టుకున్నాను.

"నిజం చెప్తే నా మందు ఆగిపోతాదా?" అంది.

"ఆగిపోతుంది."

"మరింకేటి ఆలోచన? చెప్పకు."

"అది కాదే నీలూ..."

"ఏటి కాదు? లేని మూలకం ఉన్నాదంటే ఎవులికి నష్టం? ఎవులైనా చచ్చిపోతారా? నువ్వు నిజం చెప్తే నేను చచ్చిపోతాను. నాకు బతకాలనుంది అప్పా. సిగ్గిడిచి అడుగుతున్నాను."

మైదానంలో పిల్లలు ఆట ఆపి మా వైపు చూస్తున్నారు. నేను గొంతు తగ్గించాను.

"నా గదిలోంచి వెళ్ళే ప్రతి సీసా మీద ఇంత ఆక్టీనియం ఉందని నేను రాసి సంతకం పెడతాను. ఆ సంతకం చూసే మందు నీ నరంలోకి వెళ్తోంది. నీకే కాదు, ఇంకా ఎందరికో. ఒక చోట తెలిసి తప్పు రాసినదాన్ని, ఇంకో చోట సరిగ్గా రాశానని ఎవరు నమ్మాలే?"

"నీ సంతకం కన్నా నేను తక్కువా?"

 నీలవేణి మళ్ళీ విజిలు నోట్లో పెట్టుకుంది. నేను బస్సెక్కేదాకా నా వైపు చూడలేదు.

సోమవారం మీటింగు హాల్లో కమిటీ వాళ్ళు అయిదుగురు, మావాళ్ళు హాలు నిండా. జగన్నాథం గారు బొమ్మలు చూపిస్తూ ఫలితాల దాకా వచ్చి ఆగారు. నా వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను. 

"నూట ఇరవై దొరకలేదండీ. మాకు దొరికింది పొలోనియం. సీసం కలిసింది," అన్నాను.

హాల్లో పెద్ద గోల. కమిటీ పెద్దాయన చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టి, సీసం ఎలా కలిసిందని అడిగాడు. నేను చెప్పేలోపే జగన్నాథం గారు మైకు దగ్గరకు లాక్కున్నారు.

"అది నేను చెప్పాలి. పూజ రోజున చక్రానికి బొట్టు పెట్టింది నేను. ఈ ఫలితాలు వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు పూర్తిగా నాదే, నా దగ్గర పనిచేసేవాళ్ళది కాదు."

ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది. మిఠాయిల ఆర్డరు మాత్రం అప్పటికే వచ్చేసింది. ఎవరూ ముట్టుకోలేదు.

వారం తిరక్కుండానే తాళం ఉత్తర్వు వచ్చింది. నా రేడియం గదికి కూడా ధార ఆపేశారు. ఎన్ని ఫోన్లు చేశానో, ఎంతమందిని బతిమాలానో చెప్పుకుంటే సిగ్గుచేటు. ఇంకెక్కడైనా ఆక్టీనియం దొరుకుతుందేమోనని ఊరూరా అడిగాను. ఎవరి సరుకు వాళ్ళకే చాలట్లేదన్నారు. నీలవేణి మూడో విడత తేదీ వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఫోన్ చేస్తే ఎత్తడం మానేసింది. కాలేయంలో కొత్త మచ్చ కనిపించిందన్న సంగతి దాని భర్త, మా మరిది చెబితేనే తెలిసింది. ఆ రోజు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నేను చెప్పింది తప్పని మాత్రం అనుకోలేదు. తప్పు కాని పనికి ఇంత శిక్షేంటని ఏడ్చాను.

కేంద్రం మూసేసే ముందు, వాడిన ప్రతి రేకునూ కొలిచి సీసం పెట్టెల్లో సర్దాలి. ఆ పని నాదీ పైడిరాజుదీ. ఆ రోజు పరీక్షకు వాడిన సీసం రేకు చేతికొచ్చింది. పొలోనియం నిమిషాల మీద హరించుకుపోతుంది, ఇన్ని రోజులకు రేకు చల్లారిపోయి ఉండాలి. కొలిచే పరికరం కింద పెట్టగానే గలగల మొదలైంది.

"ఏటిది మేడమ్, ఇంకా సావలేదా?" అన్నాడు పైడిరాజు.

తెర మీద నాలుగు కొండలు లేచాయి. ఆ నాలుగూ నాకు మా వీధి ఇళ్ళు తెలిసినట్టు తెలుసు. ఏళ్ళ తరబడి రోజూ చూస్తున్నవే. ఆక్టీనియం, దాని పిల్ల, ఆ పిల్ల పిల్ల, దాని తర్వాతిది.

నా చేతులే అంటించాయేమోనని ముందు నన్నే అనుమానించాను. నా గది ఆక్టీనియంలో ఎంతో కొంత రేడియం జాడ ఉండి తీరుతుంది. ఇందులో వెతికాను, లేదు. పదిరోజులాగి మళ్ళీ కొలిచాను. సరిగ్గా సగం మిగిలింది. ఇంక సందేహం లేదు. సీసం ఎనభై రెండు, ఆక్టీనియం ఎనభై తొమ్మిది. ఏడు ప్రోటాన్లు ఒక్క ఊపున క్రోమియం నుంచి సీసంలోకి దాటాయి. మామూలు ధారలతో అది కుదరదని పుస్తకాలన్నీ చెప్తాయి, సరిగ్గానే చెప్తాయి. జడతో కుదిరింది. ఆ అరగంటలో పుట్టిన ఆక్టీనియం, నా రేడియం గది రెండు నెలలు కష్టపడితే గానీ ఇవ్వలేనంత.

జగన్నాథం గారు క్వార్టర్సులో లుంగీ పైకి కట్టి పుస్తకాలు మూటలు కడుతున్నారు. కాగితాలు చేతికిచ్చాను. నిలబడే చదివారు. ఆయన మొహంలోకి మళ్ళీ రక్తం రావడం చూశాను.

"ఇంకో పొరపాటు కాదు కదా?"

"కాదు సార్. అన్ని రకాలుగా చూశాను."

"ఏ బొట్టూ లేదు కదా?"

"లేదు," అన్నాను. ఇద్దరం నవ్వేశాం. చాలా రోజులైంది మేం నవ్వి.

ఆయన అక్కడికక్కడే ఢిల్లీకి ఫోన్ చేశారు. "మూడు రోజులు ధార ఇవ్వండి చాలు. నా మాట నమ్మొద్దు, మీ మనిషిని పంపించి ఎదురుగా కొలిపించుకోండి," అన్నారు. అవతల కమిటీ పెద్దాయన మాటలు నాకూ వినిపించాయి. తమంతట తాము మూలకాన్ని వదులుకున్నవాళ్ళ మాట నమ్మకపోతే ఇంకెవరి మాట నమ్ముతానని అడిగాడు. అయినా మనిషిని పంపాడు, పంపాలి కూడా.

వచ్చినాయన ఎదురుగా ఉత్త సీసం మీద జడ వేశాం. మళ్ళీ అదే ఆక్టీనియం, అంతే దండిగా. తాళం ఉత్తర్వు రద్దయింది. దాంతోపాటే నూట ఇరవై కోసం వెతకడం కూడా రద్దయింది. ఇకమీదట జడ వారమంతా మందుకే. క్యూరియం రేకులు పెట్టెల్లో పెట్టి తిప్పి పంపిన రోజు జగన్నాథం గారు లారీ కనుమరుగయ్యేదాకా గేటు దగ్గరే నిలబడ్డారు. "మూలకం చేద్దామని అల్లిన జడ, సీసం కాల్చడానికి పనికొచ్చింది," అన్నారు నవ్వుతూ. నవ్వారు గానీ ఆ బాధ ఆయన్ని వదల్లేదు. రోజూ మాత్రం అందరికన్నా ముందొచ్చి రేకులు ఆయనే సర్దుతారు.

ఆసుపత్రి పరీక్షలూ అనుమతులూ అయ్యాక మొదటి సీసాలు వెళ్ళాయి. అందులో ఒకటి నీలవేణిది. మూడో విడత ఎక్కించిన మర్నాడు వెళ్ళాను. గాజు తలుపుకు అవతల మంచం మీద ఆనుకుని కూర్చుంది. చిక్కిపోయింది. కొత్త మచ్చ సంగతి ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమని, పాతవి తగ్గినట్టే ఇదీ తగ్గుతుందని నమ్మకముందని డాక్టరు అన్నాడు. నాకూ ఉంది. ఇవతలున్న ఫోన్ ఎత్తాను. అవతల నీలవేణి కూడా ఎత్తింది.

"అప్పా, ఒక్కటడుగుతాను. కమిటీ ముందు లేచి చెప్పినప్పుడు, సీసంలోంచి మందొస్తాదని నీకు ముందే తెల్సు కదా?"

దాని గొంతులో ఆశ వినిపించింది. తెలుసు అంటే చాలు, ఇద్దరి మధ్యా ఏమీ మిగలదు.

"తెలీదే," అన్నాను. "అప్పటికి రేకు కొలవనే లేదు."

"అంటే నేను పోయినా పర్లేదనుకునే చెప్పావు."

"పర్లేదనుకోలేదు. నువ్వు పోతావేమోనని తెలిసే చెప్పాను."

నీలవేణి ఫోన్ చెవికి ఆనించుకునే మొహం గోడ వైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను ఫోన్ పెట్టలేదు, కదల్లేదు. ఆఖరికి ఇటు తిరిగి ముక్కు తుడుచుకుంది.

"ఈ కోపం ఇప్పుడప్పుడే పోయేది కాదప్పా. చెప్తున్నాను, ఏళ్ళు పడతాది."

గాజుకు అరచెయ్యి ఆనించి, ఏడుస్తూ నవ్వాను.

"పట్టనీవే," అన్నాను. "ఏళ్ళూ పూళ్ళూ పట్టనీ."